అగ్గిదొర ఊళ్ళో ఆమె

నిశ్చల్‌కి వచ్చిన చిక్కు ఇదీ. వాడు చేసిన విలన్‌ని చూసి అందరూ ఏడ్చేశారు. ఇక ఉస్తాద్ ఒక్కరే మిగిలారు. ఆవిడ ఆడి "సరే" అంటేనే ఆట పోటీకి పోతుంది. గడువు రేపు సాయంత్రం ఆరింటికి.

వాడికి పదిహేడేళ్ళు. కర్నూల్లో ఒక టైర్ల షాపు మీద చిన్న గది ఉంది. నాలుగు కంప్యూటర్లు, స్ప్రింగులు బయటికొచ్చిన సోఫా, ఒక అల్మారా. అక్కడ రజియా మేడమ్ పిల్లలకి వీడియో గేములు చెయ్యడం నేర్పిస్తారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిణ్ని ఎవరూ మేడమ్ అనరు. ఉస్తాద్ అంటారు.

నిశ్చల్ విలన్ పేరు అగ్గిదొర. మామూలోడు కాదు. మొదటి లెవెల్లోనే ఊరు ఊరంతా తగలబెట్టేస్తాడు. నువ్వు కత్తి పట్టుకుని వాడి వెంటపడతావ్. వాణ్ని నరికి పోగులెయ్యాలన్నంత కోపం ఉంటది. తీరా వాడి కోటకి చేరాక మొదలవుద్ది ఫ్లాష్‌బ్యాక్. పదకొండు నిమిషాలు. వరదలో వాడి కూతురు కొట్టుకుపోతుంటే ఆ ఊళ్ళో ఎవ్వడూ పడవ తియ్యలేదు. పాప చేతిలో కాగితం గాలిపంకా. చివరికి నీళ్ళ మీద ఆ గాలిపంకా ఒక్కటే తిరుగుతా ఉంటది. అంతే. కత్తి కింద పడేస్తావ్.

క్లాసులో వాళ్ళంతా ఏడ్చారు. నిశ్చల్ వాళ్ళ బాబాయి అయితే సొంత చెల్లెలి అప్పగింతలప్పుడు కూడా ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకున్న మనిషి. ఆయన కూడా ముక్కు తుడుచుకుని, "పాపం రా ఆ అగ్గిదొర" అన్నాడు. నిశ్చల్ ఆ రోజు నేల మీద నడవలేదు.

కేజియా అక్క మాత్రం ఏడవలేదు. గదిలో అందరికంటే సీనియర్ ఆమె. ఈ ఆటలో బొమ్మలన్నీ గీసింది కూడా ఆమే. ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక "బాగుంది" అని వాటర్ బాటిల్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఫోల్డర్ కోపం ఇంకా తగ్గలేదులే అనుకున్నాడు నిశ్చల్.

ఫోల్డర్ కథ పెద్దదేం కాదు, వాడి లెక్కలో. మార్చిలో ఇంకో పోటీకి ఉస్తాద్ కేజియా ఆటని పంపారు, వీడిది ఆపేశారు. ఆ మంటలో వీడు కేజియా ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టేశాడు. మూడు నెలల బొమ్మలు. బ్యాకప్ లేదు. దొరికిపోయాక అందరి ముందూ నిలబడి చెప్పుకున్నాడు. ముందు రోజే ఫిజిక్స్ పోయింది, నాన్న బెల్టు తీశాడు, పొద్దున్నుంచీ తిండి లేదు. వింటున్నవాళ్ళ కళ్ళన్నీ తడయ్యాయి. ఎవరో పరిగెత్తుకెళ్ళి సమోసాలు తెచ్చారు. ఉస్తాద్ వాడి తల నిమిరారు. అక్కడితో అయిపోయింది. అయిపోయిందనే వాడి నమ్మకం.

సరే, ఆ గదిలో ఒక రూలుంది. ఆట చేసినవాడు, వేరేవాళ్ళు ఆడుతున్నప్పుడు పక్కన కూర్చోవాలి. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకోవాలి. నోరు తెరవకూడదు. "అటు కాదు ఇటు", "ఆగండి, ముందు మంచి సీనుంది", ఇవేవీ కుదరవు. ఒక్క మాట జారినా ఆ ఆట నెల రోజులు అల్మారాలోకి పోతుంది.

ఎందుకని ఎవరైనా అడిగితే ఉస్తాద్ ఒకటే అనేవారు. "రేపు నీ ఆట కొనుక్కున్నోడి ఇంటికి నువ్వు కూడా పోతావా?"

ఆ పొద్దున పదింటికి ఉస్తాద్ కళ్ళజోడు తుడుచుకుని సోఫాలో కూర్చున్నారు. నిశ్చల్ పక్కన చేరి చేతులు తొడల కింద దోపుకున్నాడు. కింద షాపులో గాలి కొట్టే మిషను బుస్సుమంటోంది.

అగ్గిదొర ఊరు తగలబెట్టాడు. ఉస్తాద్ హీరోని నడిపించుకుంటూ కాలిన ఊళ్ళోకి వెళ్ళారు. ఇక్కడ ఎవరైనా సర్రున దూసుకుపోతారు. తెర మీద ఎర్ర బాణం కోట వైపు రమ్మంటూ ఉంటుంది మరి.

ఉస్తాద్ పోలేదు. ఆగారు.

మాడిపోయిన గుమ్మం ముందు ఒకామె కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో దొప్పలాగా పెట్టుకుని ఉంది. ఆమె తల మీద చిన్న అక్షరాలు. "మాట్లాడు." ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ మనిషి బొమ్మ పెట్టినా ఆ బటన్ దానంతటదే వస్తుంది. లోపల మాటలు మాత్రం మనమే రాయాలి.

ఉస్తాద్ బటన్ నొక్కారు. నల్ల డబ్బా ఒకటి తెరుచుకుంది. అందులో ఏమీ లేదు. మూసుకుంది.

మళ్ళీ నొక్కారు. ఖాళీ డబ్బా. మళ్ళీ నొక్కారు.

అయ్యో ఉస్తాద్, ఆమె ఊరికే ఊరు నిండుగా కనబడ్డానికి పెట్టిన మనిషి, పదండి ముందుకి! ఇదంతా నిశ్చల్ కడుపులోనే అరుచుకున్నాడు. పెదాలు కరుచుకున్నాడు. చేతులు తిమ్మిరెక్కాయి.

ఉస్తాద్ నొక్కుతూనే ఉన్నారు. ఎదుటి మనిషికి చెవుడేమో అని ఆగి ఆగి పిలిచినట్టు. పది నిమిషాలయింది. ఇరవై అయింది. అవతల కోటలో పదకొండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ఎదురుచూస్తోంది. దాని కోసం వాడు పద్నాలుగు పేజీలు రాశాడు. ఈమె కోసం ఎన్ని రాశాడు?

ఒక్క అక్షరం లేదు.

నలభై నిమిషాలయ్యాక ఉస్తాద్ కంట్రోలర్ వాడి ఒళ్ళో పెట్టారు.

"ఈమె ఏదో చెప్తా ఉంది బేటా. నాకు వినపడలేదు. రేపు ఆరు లోపల వినిపించు."

అగ్గిదొర గురించి ఒక్క ముక్క లేదు!

మధ్యాహ్నం నిశ్చల్ ఒక మాట రాసి ఫోన్‌లో చూపించాడు. "పాపం, ఆయన మాత్రం ఎంత బాధపడ్డాడో."

ఉస్తాద్ చదివి ఫోన్ తిరిగిచ్చేశారు. "ఇది అగ్గిదొర గొంతు."

మూడింటికి ఇంకోటి తెచ్చాడు. "ఓరి దుర్మార్గుడా, నీ వంశం నాశనమైపోను!"

ఉస్తాద్ నవ్వు ఆపుకున్నారు. "ఇది మీ ఇంట్లో టీవీ గొంతు."

ఇంక వాడికి ఉక్రోషం తన్నుకొచ్చింది. సాయంత్రం కేజియా మెట్ల మీద కూర్చుని మరమరాలు తింటుంటే పోయి పక్కన కూలబడ్డాడు.

"అక్కా, ఆ ఇల్లు కాలిపోయినామె ఏం మాట్లాడుద్ది?"

"నన్నడుగుతావేంట్రా?"

"గీసింది నువ్వే కదా."

"అవును, గీశాను." కేజియా మరమరాల పొట్లం మడిచింది. "రెండుసార్లు."

"రెండుసార్లెందుకు?"

కేజియా వాడి మొహంలోకి చూసింది. నిజంగా తెలీదా, లేక నటిస్తున్నాడా అన్నట్టు చూసింది.

"నీ ఆట బొమ్మలు కూడా ఆ ఫోల్డర్లోనే ఉండేవి నిశ్చల్. ఊరు, ఇళ్ళు, మనుషులు. నీ పుట్టినరోజుకి ఇద్దామని చెప్పకుండా గీస్తున్నా."



"మరి... మళ్ళీ ఎందుకు గీశావ్?"

"గీసిస్తానని ఉస్తాద్‌కి మాటిచ్చేశా కదా." అక్కడితో ఆపుతుందనుకున్నాడు. ఆపలేదు. "ఆమె చెయ్యి అట్లా ఎందుకుందో ఎప్పుడైనా చూశావా?"

"అడుక్కుంటోంది అనుకున్నా."

"అందులో కోడిపిల్ల ఉండేది. మొదటిసారి. చిన్నది, పసుపు రంగుది, తల ఇటు తిప్పి చూస్తా ఉండేది. అంత బాగా ఎప్పుడూ రాలేదు నాకు. రెండోసారి గీద్దామంటే రాలేదు. ఎన్నిసార్లు గీసినా చచ్చిన పిల్లలాగే వచ్చింది. అందుకని చెయ్యి అట్లాగే వదిలేశా."

లేచి దులుపుకుంది. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది.

"ఆ రోజు నువ్వు ఎందుకు చేశావో అందరూ విన్నారు. సమోసాలు కూడా తిన్నారు. ఏం పోయిందో నన్ను ఒక్కరు కూడా అడగలేదు."

మర్నాడు సాయంత్రం ఐదుంపావు. గదిలో అందరూ చేరారు. ఉస్తాద్ సోఫాలో కూర్చున్నారు. నిశ్చల్ చేతులు తొడల కింద. కేజియా వెనకాల గోడకి ఆనుకుని నిలబడింది. పక్క కంప్యూటర్లో పోటీ పేజీ తెరిచి పెట్టి ఉంది. ఉస్తాద్ సరే అంటే ఒక్క నొక్కు, అంతే.

ఊరు కాలింది. హీరో నడిచాడు. ఉస్తాద్ ఆమె ముందు ఆగి బటన్ నొక్కారు.

నల్ల డబ్బా తెరుచుకుంది.

"ఈ చేతిలో కోడిపిల్ల ఉండేది."

సోఫా వెనకాల ఎవరో "అబ్బా..." అన్నారు. నిశ్చల్ గుండె గంతేసింది. కొట్టాం! అగ్గిదొర ఫ్లాష్‌బ్యాక్ పదకొండు నిమిషాల్లో చేసిన పని ఈ ఒక్క ముక్క చేసేసింది. పోటీ వాళ్ళు పడిపోతారు. ఫస్టు ప్రైజు ఎవడాపుతాడో చూద్దాం.

ఉస్తాద్ డబ్బా మూయలేదు. అలాగే ఉంచారు.

ఆ నల్ల డబ్బాలో, అక్షరాల వెనకాల, అద్దంలో కనిపించినట్టు ఒక మొహం కనిపించింది. గోడకి ఆనుకుని ఉన్న కేజియా మొహం. ఏడవట్లేదు. కోపంగా కూడా లేదు. చేతిలో ఉన్నది ఎవరో లాక్కుపోతుంటే నోట మాట రాని మనిషి ఎలా చూస్తుందో, అలా చూస్తోంది.

నిశ్చల్ ఆ అక్షరాలు మళ్ళీ చదివాడు.

మొదటిసారి ఫోల్డర్ తీసేశాడు. ఇప్పుడు కోడిపిల్లని కూడా తీసుకున్నాడు. అడగలేదు. ఈ రెండిటి మధ్య ఆమెతో ఒక్క మాట, అనాల్సిన ఆ ఒక్క మాట, అననే లేదు.

గడియారంలో ఐదున్నర. ఉస్తాద్ బొటనవేలు బటన్ మీద ఉంది. ఇంకాసేపు నోరు మూసుకుంటే చాలు. ఆట పంపేశాక ఎంత మాట్లాడుకున్నా ఎవడూ కాదనడు. ఇంకాసేపే.

నిశ్చల్ తొడల కింద నుంచి చేతులు తీశాడు.

"అక్కా."

గదిలో సగం మంది "ఒరేయ్!" అన్నారు. ఒకడు వాడి నోరు ముయ్యడానికి సోఫా మీంచి దూకబోయాడు.

నిశ్చల్ లేచి వెనక్కి తిరిగాడు. ఫిజిక్స్ గురించి చెప్పలేదు. బెల్టు గురించి చెప్పలేదు.

"నేను తప్పు చేశాను అక్కా. కోడిపిల్ల నీది. నిన్ను అడక్కుండా పెట్టాను."

ఇంకేదో అనబోయి ఆపేశాడు. ఇంకేమన్నా అది మళ్ళీ తన కథే అవుతుంది.

కేజియా గోడ దగ్గర్నుంచి కదల్లేదు. తల ఊపనూ లేదు.

ఉస్తాద్ ఆట ఆపేశారు. వైరు పీకి కంట్రోలర్‌కి చుట్టారు. ఆట ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి అల్మారాలో పెట్టి తలుపు వేశారు.

"ఉస్తాద్, ఈ ఒక్కసారికి..." అన్నాడెవడో.

"రూలు రూలే. నెల రోజులు."

పోటీ పేజీ తెరిచిన కంప్యూటర్‌ని కూడా ఆవిడే కట్టేశారు. కింద గాలి మిషను కూడా ఆగింది.

ఉస్తాద్ కేజియా ముందుకి వెళ్ళి నిలబడ్డారు.

"ఆ రోజు నేను కూడా అడగలేదు బేటీ."

ఉస్తాద్ అలా అనడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కేజియా మొహం తుడుచుకుని సోఫా చివర కూర్చుంది. గొంతు సవరించుకుంది. మొదటి ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఏం గీసిందో, ఏ రంగు వేసిందో, ఏది మళ్ళీ రాలేదో. గదిలో అందరూ చేతులు తొడల కింద పెట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే. ఉస్తాద్ కూడా.

ఆమె చెప్పడం అయ్యేసరికి ఏడు దాటింది. అందరూ చెప్పులేసుకుంటుంటే నిశ్చల్ ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"ఈ నెల రోజులూ నేనేం చెయ్యాలి ఉస్తాద్?"

ఉస్తాద్ అల్మారాకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

"మీ అగ్గిదొర ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

"ఇరవై మూడు మంది."

"ఒక్కామె మాట్లాడింది," అని ఆవిడ లైటు ఆర్పేశారు.