రోటి పొత్రం కింద రెండు మైళ్ళు

1958 మే నెల పదకొండు, ఆదివారం. కృత్తిక కార్తె ఆ రోజే వచ్చింది. పొద్దున ఎనిమిదికే కొండరాయి మీద ఒట్టి కాలు ఆనడం లేదు. పడమటి గాలి విసురుగా ఉంది. తూర్పున చాపంత మబ్బు ఒకటి లేచి, చూస్తుండగానే పలచబడి, పదింటికల్లా లేకుండా పోయింది.

ఆ మబ్బును వరదరాజులు చూడలేదు. బోడికొండ మీది మఠం వసారాలో మోకాళ్ళ మీద కూర్చుని, తను గీసిన పటం మీదికి వంగి ఉన్నాడు. మర్నాడు తెల్లవారగానే ప్రయాణం. పన్నెండు రోజులు, తొమ్మిది కొండలు, ఎవరికీ పెద్దగా తెలియని పదిహేడు చోట్లు. తలుచుకుంటేనే అరికాళ్ళు జిలజిలలాడుతున్నాయి.

నీళ్ళ సంగతి ముందు చెప్పాలి. మఠమంటే గొప్పగా ఊహించుకోనక్కర లేదు. రెండు రాతి గదులు, ఒక వసారా, వంటకు ఒక కొట్టం. గురప్పస్వామి అందులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంటున్నాడు. విగ్రహం లేదు. ఒక దీపం, సాయంత్రం పూట నాలుగు తత్వాలు, అంతే. నీళ్ళు మాత్రం సగం కొండ దిగి చెలమ నుంచి మోసుకురావాలి. రోజుకు ఆరు కడవలిచ్చే చెలమ ఆ ఏడు మూడుకు దిగింది. ఉగాది దాటాక ఒకటిన్నర. చెలమలో కప్పలు కూడా ఎటో వెళ్ళిపోయాయని రోజూ పాలు తెచ్చే మేకల రామక్క చెప్పింది.

కింద ఊళ్ళో నూనె గానుగ నడిపే సుబ్బరాయశెట్టి మంచి మనిషి. "మా గానుగ వెనక గది ఖాళీగా ఉండాది సామీ. కరెంటు బుగ్గ కూడా పెట్టిస్తా. దిగి రాండి" అని కబురంపాడు.

"మృగశిర కార్తె లోపల ఏదన్నా కొండ మీద నీళ్ళు దొరికితే అక్కడుందాం. లేదంటే శెట్టి గదికి పోదాం" అన్నాడు స్వామి. ఆ మాట అనడానికి ఆయనకు నిమిషం పట్టలేదు.

వరదరాజులుకు మాత్రం గానుగ గదికి పోవడం ససేమిరా ఇష్టం లేదు. అతను బి.ఎ. చదివి, సర్వే ఆఫీసులో పదకొండేళ్ళు ట్రేసరుగా పనిచేశాడు. ఎవరో నడిచి కొలిచిన కొండలను ఇతను కుర్చీలో కూర్చుని సిరాతో దిద్దేవాడు. సొంత కాళ్ళతో ఎక్కిన మొదటి కొండ బోడికొండ. ఎక్కి, స్వామి దగ్గరే ఉండిపోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు దిగి, నూనె తీసిన చెక్క వాసనలో కూర్చోవడమా?

అందుకే పటం గీశాడు. ఆరు పెద్ద కాగితాలు గంజితో అంటించాడు. గంజిలో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదు. ఆఫీసులో నేర్చుకున్న వాటిలో అతనికి చివరిదాకా పనికొచ్చింది అదొక్కటే. ప్రతి బుధవారం సంతకు దిగి, దూరపు కొండల నుంచి వచ్చే గొర్లకాపరులను పట్టుకుని కూర్చునేవాడు. గుహలాంటి గవి ఎక్కడుంది, గుండం ఎక్కడుంది, ఏ రాయి వెనక తేనె పడుతుంది. వాళ్ళు చేతులూపి చెప్పింది ఇతను నేల మీద గీసి చూపేవాడు. వాళ్ళు కాలితో తుడిచి మళ్ళీ గీయించేవారు. అలా ఒక్కొక్క చోటూ పటానికెక్కింది. అంగుళానికి అర మైలు.

అంత పెద్ద కాగితం ఆ గాలికి ఆగాలి కదా. రోజూ వంటకొట్టంలోంచి రోటి పొత్రం తెచ్చి నడిమధ్యన నిలబెట్టేవాడు.

"పటం సారూ!" కొట్టంలోంచి కేకేశాడు ఓబులేసు. వంట అతనిదే. వయసులో పెద్దవాడు, అక్షరం రాదు. "నా పొత్రం మళ్ళీ ఎత్తకపోయినావా? ఊరిమిండి పచ్చడి దేంతో నూరేది, నీ పటంతోనా?"

"ఒక్క నిమిషం అన్నా. ఎర్రకొండ దారి అయిపోతోంది."

"నెల నుంచి ఇదే ఒక్క నిమిషం. సామి రెండు పూటలు ఉప్పు నంజుకోని సంగటి తిన్న్యాడు. నీకు పుణ్యముంటాది, ఇటియ్యి."

"రేపటి నుంచి పన్నెండు రోజులు నీ పొత్రం నీకే."

"ఆ పన్నెండు దినాలు నీళ్ళుంటే కదా నూరేది!"

వరదరాజులు నవ్వాడు. ఆ పూట ఎవరేమన్నా నవ్వే పరిస్థితిలో ఉన్నాడు. మూట కట్టి గోడకు ఆనించాడు. కొర్రబియ్యం, అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, ఒక బుడ్డి మామిడికాయ ఊరగాయ, తాడు, చాకు, రెండు జతల చెప్పులు. చెప్పులు కొత్తవి. ఊళ్ళో ఎద్దుతోలుతో కుట్టించి, వారం రోజులు ఆముదం పట్టించాడు. కొత్త చెప్పులతో కొండ నడిచినవాడికే తెలుస్తుంది ఆముదం విలువ.

గురప్పస్వామి గదిలోంచి బయటికి వచ్చాడు. ఎండుకట్టెలాంటి మనిషి, అరవై ఎనిమిదేళ్ళు. పటం పక్కన గొంతు కూర్చున్నాడు.

"చూడండి స్వామీ!" వరదరాజులు మాటలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. "మొదటి రోజు ఎర్రకొండ. రెండో రోజు ఇక్కడ, పావురాల గవి. నాలుగో రోజు గుర్రపుడెక్క గుండం. అందులో నిలువెత్తు నీళ్ళుంటాయని ముగ్గురు చెప్పారు. ఒకడైతే ఈదానన్నాడు! దాని పక్కనే చదును, మఠానికి సరిగ్గా సరిపోతుంది. ఇదిగో, ఇది ఎవరూ చూడని లోయ..."

"ఎవురూ చూడకుంటే నీకెవురు చెప్పినారు?"

"అంటే... ఒక్కడే చూశాడు స్వామీ."

స్వామి తల ఊపాడు. అన్ని కొండలూ వేలితో తిరిగి చూశాడు. ఆయనక్కూడా సరదా వేసినట్టే ఉంది. ఆ తర్వాత రెండు చేతులతో పొత్రం ఎత్తి, "ఓబులేసూ, ఇందా" అని పక్కన పెట్టాడు.

పొత్రం లేచిన చోట గుండ్రంగా ఖాళీ. నెల రోజుల ఎండకు కాగితమంతా పసుపు తిరిగింది. ఆ గుండ్రం మాత్రం తెల్లగా ఉంది. అంచున కొద్దిగా పచ్చిమిరపకాయ మరక.

"ఇదేంది నాయనా?"

"మన మఠం స్వామీ. పొత్రం పెట్టుకోవడానికి వదిలాను."

"మఠం ఇంత ఉండాదా?"

వరదరాజులు అలవాటు కొద్దీ కొలబద్ద పెట్టాడు. అడ్డంగా నాలుగంగుళాలు. "రెండు మైళ్ళు" అన్నాడు. "మన చుట్టూ నాలుగు వైపులా మైలు మైలు."

"దీంట్లో ఏముండాది?"

"మనమే ఉన్నాం కదా స్వామీ."

"మనం కాక?"

వరదరాజులు చెలమ దారి చెప్పాడు. ఊరి దారి చెప్పాడు. ఇంకొకటి చెబుదామని చూశాడు, రాలేదు. పద్దెనిమిది మైళ్ళ దేశం గీసిన చేతికి, తను కూర్చున్న చోటు వెనక గీయడానికి ఒక్క గీత లేదు.

"నాకూ తెలీదబ్బా" అన్నాడు స్వామి. ఆ అనడంలో సిగ్గు లేదు. పండక్కి కొత్తబట్టలు వచ్చాయన్నంత సంబరంగా ఉంది. "ముప్పై ఒక్క ఏండ్లాయ. చెలమ దారి, ఊరి దారి. అంతే నేను కూడా!"

లేచి మూట విప్పాడు. పన్నెండు రోజుల తిండిలోంచి ఒక పూటకు అటుకులు, బెల్లం తీసి కండువాకు కట్టుకున్నాడు. మిగతాది ఓబులేసు వైపు తోశాడు.

"చెప్పులేసుకో."

"ఇప్పుడా స్వామీ? ఈ ఎండలోనా?"

"నీడ కూడా ఉంటాది లే, యాడో ఒక చోట. చూద్దాం పా."

ఆ రోజు ఉత్తరం వైపు వెళ్ళారు. మఠం గోడ దాటి రెండు వందల అడుగులు వేశారో లేదో, ఒకదాని మీదొకటి వాలిన రెండు పెద్ద రాతిగుండ్లు. కింద సందు. రోజూ కనిపించే గుండ్లే. స్వామి సందులో తల పెట్టి, భుజాలు పెట్టి, పాదాలు కూడా మాయమైపోయాడు.

"స్వామీ, పాములుంటాయి!"

"ఏదుపంది ముల్లు దొరికింది!" లోపలి నుంచి వచ్చింది గొంతు. "రెండు దొరికినాయి! రా, రా, చల్లగా ఉండాది!"

వరదరాజులు పాకాడు. పది గజాలు చీకటి, ఆపైన వెలుతురు. బయటపడితే చాపంత అరుగు. కింద ఏరంతా వంపులు వంపులుగా కనిపిస్తోంది. నాలుగేళ్ళుగా ఏరు చూడాలంటే ఊరికి దిగేవాడు. అక్కడికి మఠం, కొట్టంలో ఓబులేసు దగ్గు వినపడేంత దగ్గర.

ఇద్దరూ అక్కడే అటుకులు తిన్నారు. నీళ్ళు మాత్రం లేవు.

మర్నాడు ఓబులేసు కూడా బయలుదేరాడు. "ఒక పూట సంగటి లేకుంటే సచ్చిపోరు. నేనూ వస్తా" అన్నాడు. వరదరాజులు ఎర్రకొండకు పోవాల్సిన రోజది. కృత్తిక సగమైపోతుంది, రోహిణి వస్తుంది, శెట్టి గదికి సున్నం కూడా కొట్టించాడట. లోపల ఆ గుబులు ఉంది. అయినా ప్రతి గుండు వెనకా తొంగి చూడకుండా కాలు ముందుకు పడటం లేదు. ఆ రోజు తేనెపట్టు దొరికింది. ఎవరో ఎప్పుడో పేర్చిన రాతి కట్ట దొరికింది. దక్షిణాన ఒక గవి దొరికింది, అందులో మేకపెంటికలు. రామక్క వానకు అందులోనే నిలుస్తుందని తెలిసింది.

"చెప్పలేదేమక్కా?" అని అడిగాడు వరదరాజులు, ఆమె పాలు తెచ్చినప్పుడు.

"నువ్వు సంతలో ఎర్రకొండ వాళ్ళను అడుగుతా ఉంటివి. నన్ను ఎప్పుడన్నా అడిగితివా, సారూ?" అంది రామక్క. "నీళ్ళయితే నాకూ తెలీదు. పడమటి వైపు నేను పోను. అంతా బలుసుకంప."

ఆ మాటతోనే మూడో రోజు పడమటి వైపు పోయారు. వంటకొట్టం వెనక నుంచి కంప నరుక్కుంటూ అర మైలు. చేతులు గీరుకుపోయాయి. కొత్త చెప్పు తెగింది. ఒక చోట చదునైన పరుపుబండ. ఓబులేసు ఆయాసంతో దాని మీద కూలబడ్డాడు. కూలబడ్డవాడు ఉలిక్కిపడి లేచాడు.

"సామీ! రోలు!"

బండలోనే తొలిచిన రోలు. నిండా ఎండుటాకులు. ఓబులేసు ఆకులు తీసి, లోపల అరచెయ్యి తిప్పి చూశాడు. చెంపలా నున్నగా ఉంది.

"నలభై ఏండ్లు నూరితే గానీ ఇంత నునుపు రాదు" అన్నాడు. "రోలుండాదంటే ఇక్కడ వంట చేసినారు. వంట చేసినారంటే నీళ్ళు దగ్గర్లోనే ఉండాయి సామీ! వంటోడు ఎవుడూ నీళ్ళకు దూరంగా రోలు పెట్టుకోడు. నేనైతే నలభై అడుగుల లోపల పెడతా!"

ముగ్గురూ మూడు వైపులా పడ్డారు. ఎటు విన్నా కంప విరుగుతున్న చప్పుడే. ముప్పై ఆరో అడుగు దగ్గర వరదరాజులు కాలు మెత్తగా దిగబడింది.

అది దొన. రాతిలో దేవుడు తవ్విన తొట్టి. పైన కంప, లోపల ఎన్నేళ్ళదో ఒండ్రు. వరదరాజులు బోర్లా పడుకుని చేత్తో తవ్వాడు. మోచేయి దాకా పొడి. భుజం దాకా దించాడు. వేళ్ళకు చల్లగా తగిలింది.

"తడి!" అని అరిచాడు. "స్వామీ, తడి!"

మఠంలో ఉన్న కడవలు, గంపలు అన్నీ వచ్చాయి. రామక్క వచ్చింది. పది రోజులు ఒండ్రు మోశారు. అడుగున మూరెడు నీళ్ళు, ఎక్కడి నుంచో ఊరుతూ. తేరుకున్నాక తాగితే కొద్దిగా ఆకు వాసన. మృగశిర కార్తె మూడో రోజు వాన పడి దొన అంచుల దాకా నిండింది. సుబ్బరాయశెట్టి రొప్పుకుంటూ కొండెక్కి వచ్చి, దోసిలి పట్టి తాగి, "ఆ గదిలో చెక్క పెట్టుకుంటాలే సామీ" అన్నాడు.

ఆ సాయంత్రం వరదరాజులు పటం పరిచాడు. సిరాబుడ్డి తెరిచాడు. తెల్లటి గుండ్రంలో ముందు దొన, తర్వాత రోలు, గుండ్ల సందు, ఏరు కనపడే అరుగు. అన్నీ వరుసగా మనసులో సిద్ధం. కలం ముంచాడు.

స్వామి కొట్టంలోకి పోయి పొత్రం తెచ్చి, ఆ గుండ్రం మీద నిలబెట్టాడు.

"గాలి వస్తా ఉండాది" అన్నాడు.

ఆకు కూడా కదలడం లేదు. వరదరాజులు పొత్రం వంక చూసి, కలం తుడిచి పెట్టేశాడు.

ఆ తర్వాత గురప్పస్వామి తొమ్మిదేళ్ళు బతికాడు. ఎర్రకొండ కూడా చూశారు, గుర్రపుడెక్క గుండం కూడా. అందులో మోకాలి లోతే ఉంది. ఈదినవాడు ఎలా ఈదాడో వాళ్ళకు అర్థం కాలేదు. కానీ ఏటా కృత్తిక మొదటి రోజున మాత్రం ముగ్గురూ ఆ రెండు మైళ్ళలోనే తిరిగేవారు. ఏ ఏడూ ఒట్టి చేతులతో తిరిగి రాలేదు.

1967 మార్గశిరంలో స్వామికి లేవడం కష్టమైంది. ఒక ఉదయం అందరినీ పిలిచి ఉన్నవి పంచాడు. పొత్రం, వంటకొట్టం, మఠం తాళంచెవి ఓబులేసుకు. కంబళి రామక్కకు. చేతికర్ర సుబ్బరాయశెట్టికి, ఈ మధ్య ఆయనకు మోకాళ్ళ నొప్పి కనుక. ఏదుపంది ముళ్ళు శెట్టి మనవరాలికి. పటం కింద ఊరి బడికి, నడుమ తెల్లటి గుండ్రంతో సహా.

వరదరాజులు చివర నిలబడి ఉన్నాడు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. స్వామి అతని వైపు చూశాడు.

"చెప్పులు యాడుండాయి నాయనా?"

"బయట ఉన్నాయి స్వామీ."

"బాగుండాయా?"

"బాగున్నాయి. మొన్ననే ఆముదం పెట్టాను."

"ఇంకేం మరి, తిరుగుతా ఉండు" అని స్వామి కళ్ళు మూసుకున్నాడు.

పంపకంలో వరదరాజులు చేతికి ఏమీ రాలేదు.