భూషయ్య కాల్చిన గడ్డిబొమ్మ

ఏ రాజు కాలంలోనో, వాగుమిట్టలో గ్రామపెద్దను ఎన్నుకునే రోజు దగ్గరపడింది. పాత పెద్ద చిన్నంనాయుడు జబ్బుపడి లేచాడని, ఆయన్ను మళ్ళీ ఎన్నుకోవడానికి జనం వెనకాడుతున్నారు. ఆయన ఓడితే, తమ పేటకు ఆయన తవ్వించిన కాలువను పోటీకి దిగిన భూషయ్య పూడ్చేస్తాడని గడ్డికోసే సూరాలి దిగులు.

ఆ భూషయ్యే ఆమెను పిలిచాడు. "గడ్డితో ఆ చిన్నంనాయుడి బొమ్మ చెయ్యవే. అందరి ముందూ తిట్టి తగలబెడతాను."

"అలాగే బాబూ. బొమ్మను ఆయన ముఖం ముందే మూడుసార్లు తిప్పి, మూడుదారుల దగ్గర కాల్చండి. ఊరంతా చూస్తుంది."

భూషయ్య నోరారా తిడుతూ అలాగే కాల్చాడు.

సూరాలు చేతులు జోడించింది. "మా పెద్దాయనకు కన్నతల్లయినా ఇంత బాగా దిష్టి తియ్యదు బాబూ. ఇక ఆయనకు ఏ జబ్బూ రాదు."

ఊరు పకపకా నవ్వింది, ఆ ధీమాతోనే చిన్నంనాయుణ్ణి ఎన్నుకుంది. కాలువ నిలిచింది. మళ్ళీ తిట్టబోయిన భూషయ్య, అదీ దిష్టి తీసినట్టే అవుతుందేమోనని నోరు మూసుకున్నాడు.