చెంగమ్మ బోర్లించిన విస్తరి

తన గుమ్మంలో ఎవరు "వద్దు" అన్నా అవమానంగా భావించే రామభద్రరాజు కొల్లేరు అంచున కొత్తమూరు అనే ఊళ్ళో ఉండేవాడు.

ఆయన ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్ళు "చాలు" అంటే ఇంకో గరిటె పడేది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించేవాడు. అది మొహమాటమని ఆయన నమ్మకం. నిజంగా వద్దనుకునేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

ఆ ఏడు కోతలయ్యాక నెల్లూరు వైపు నుంచి చెంగమ్మ అనే ఆమె ఎనిమిది వందల బాతుల్ని తోలుకుని వచ్చింది. రాజుగారి నలభై ఎకరాల్లో రాలిన గింజలే పది రోజులపాటు వాటికి మేత. ఆ బాతులకు కాపలా గంగులు అనే నాటుకుక్క.

నూర్పిళ్ళు ముగిసిన రోజు రాజుగారు కూలీలందరికీ కళ్ళంలోనే భోజనాలు పెట్టించాడు. గుప్పెళ్ళకొద్దీ కిస్మిస్ వేసి పరమాన్నం వండించాడు. చివర్లో ఒక విస్తరి నిండా తానే వడ్డించి గంగులు ముందు పెట్టబోయాడు.

"దానికి పెట్టబాకండి రాజుగారా" అంది చెంగమ్మ.

"మొహమాటపడకమ్మా. అదీ కష్టపడిందిగా!"

"మొహమాటం కాదయ్యా. కిస్మిస్ అంటే ఎండిన ద్రాక్షే. కుక్కలకి అది విషం. పోయినేడు మా పెద్దకుక్క ద్రాక్షపళ్ళు తిని మూడోనాటికి పోయింది. ఉల్లిపాయ, చాక్లెట్టు కూడా పెట్టొద్దని పశువుల డాక్టరు అప్పుడే చెప్పాడు."

రాజుగారు నవ్వాడు. "మా ఇంటి పరమాన్నం తిని చచ్చినవాడు ఈ మండలంలో లేడు" అంటూ విస్తరి కింద పెట్టాడు. గంగులు మూతి చాచింది. చెంగమ్మ ఒక్క అంగలో వచ్చి విస్తరిని బోర్లించేసింది.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. అరవైమంది ముందు ఆయన పెట్టిన అన్నం మట్టిపాలైంది.

"అన్నాన్ని తన్నేదానికి నా చేలో చోటు లేదు. నీ బాతుల్ని తోలుకుని పో!"

"పోతా. చేను పోతే ఇంకో చేను వెతుక్కుంటా. గంగులు పోతే ఎక్కడ వెతుక్కునేది?"

పక్కనున్న కూలీ ఒకడు ఆమె కొంగు లాగాడు. "ఊరుకో అక్కా, రాజుగారు!"

"రాజుగారైతే? కుక్క కడుపుకి తెలుస్తుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు రాజుగారికి ముల్లులా గుచ్చుకుంది. ఆయన తన పెంపుడు కుక్క సీజర్‌ను పిలిచి, దాని ముందు గిన్నె నిండా పరమాన్నం పెట్టాడు.

"అందరూ చూడండి. ఇది చస్తుందేమో!"

"నా మీద కోపం దాని మీద చూపించబాకండయ్యా!" అంది చెంగమ్మ. సీజర్ అప్పటికే గిన్నె నాకుతోంది. ఆమె బాతుల్ని కాలవగట్టుకు తోలుకుపోయింది.

సాయంత్రానికి సీజర్ వాంతి చేసుకుంది. "డాక్టరుకి చూపిద్దామండీ" అంది రాజుగారి భార్య. "అరక్క కక్కింది. దీనికి డాక్టరెందుకు?" అన్నాడాయన. డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే బాతులామె మాట నిజమని ఒప్పుకోవడమే. మర్నాడు సీజర్ నీళ్ళు కూడా ముట్టలేదు. అయినా ఆయన కదల్లేదు. మూడోరోజు అది లేవలేకపోయింది. అప్పుడు చేతుల మీద ఎత్తుకుని పరిగెత్తాడు.

"ఏం పెట్టారు?" అని అడిగాడు డాక్టరు.

"పరమాన్నం... కిస్మిస్‌తో."

"కిడ్నీలు దెబ్బతిన్నాయి. మొదటి రోజే తెస్తే బతికేదేమో" అన్నాడు డాక్టరు. సెలైను ఎక్కుతుండగానే సీజర్ ప్రాణం పోయింది.

రాజుగారు దాన్ని మామిడిచెట్టు కింద పాతిపెట్టి, బాతుల్ని చేలోకి తోలుకోమని చెంగమ్మకు పాలేరు చేత కబురు పంపాడు. పాలేరు ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఆయ్, రానంటందండి. పొమ్మన్నది తమరంటండి. రమ్మని కూడా తమరే అనాలంటండి. అదీ అందరి ముందూనంటండి."

రాజుగారికి కోపం పొంగింది. గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. మంచం కింద సీజర్ పడుకునే గోనెసంచి ఖాళీగా ఉంది. కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

వేరే చేను దొరక్క కాలవగట్టునే ఉండిపోయిన బాతులు మేత లేక అరుస్తున్నాయి. చేలో కూలీలు గడ్డి బండికి ఎత్తుతున్నారు. రాజుగారు గట్టెక్కి, వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

"ఈమె చెప్పింది నిజం. నేను వినలేదు. నా కుక్కని నేనే చంపుకున్నాను. చెంగమ్మా, బాతుల్ని తోలుకో."

చెంగమ్మ కర్ర ఎత్తి అదిలించింది. ఎనిమిది వందల బాతులు ఒక్కసారిగా చేలోకి దిగాయి. గంగులు వాటి వెనక పరిగెత్తింది.

నీతి: మనకు అమృతమైనది మరో ప్రాణికి విషం కావచ్చు, పెట్టే చేతికి ప్రేమ ఒక్కటే చాలదు, "వద్దు" అన్న మాట వినే చెవి కూడా ఉండాలి.