తైలం గది కాపలా

శోభనాద్రి వైద్యుణ్ణి ఏదైనా అడిగితే సగం జవాబే చెప్పేవాడు. మిగతా సగం పనిలో దొరుకుతుందనేవాడు.

ఆ ఏడు వానలకి చేలగట్ల నిండా వయ్యారిభామ పూసింది. శిష్యుడు కూర్మయ్యకి ఒకటే తుమ్ములు. ముక్కు ధారకట్టి కారుతుంటే అడిగాడు:

"గురువుగారూ, ఈ పుప్పొడి విషం కాదంటారు. పైడన్నా పీలుస్తున్నాడు, వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. నా ముక్కేం పాపం చేసింది?"

అడిగింది ముక్కు గురించే. కడుపులో మంట మాత్రం పైడన్న మీద. నిన్నగాక మొన్న వచ్చినవాడు. వచ్చిన రోజే వాడు నూరిన మందు ముద్దను వేళ్ల మధ్య నలిపి, "చేతిలో పనుందిరా నీకు," అన్నాడు గురువు. ఏళ్లుగా నూరుతున్న కూర్మయ్యతో ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆనాటినుంచి పైడన్న దగ్గినా కూర్మయ్యకి ఒళ్లు మండేది. ఇప్పుడు పొయ్యి మీదున్న తైలం దించాక గురువు రాగి గరిటె ఎవరి చేతికిస్తారో, ఇక వాడే పెద్ద శిష్యుడు.

గురువు అన్నాడు: "ముక్కు లోపలి పొరలో కాపలా కణాలుంటాయి. కొందరిలో అవి పుప్పొడిని పగవాడిగా గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ అది కనబడిందా, తమలో దాచుకున్న మంటంతా అక్కడే కుమ్మరిస్తాయి. వాపూ, నీరూ, తుమ్మూ వాటి చలవే. సరే, తైలం పాకానికొచ్చింది. కాపలా కూర్చో. తడి తగలనివ్వకు."

కళ్లు కడుక్కునే నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని కూర్మయ్య తైలం గది గడపలో కూర్చున్నాడు. మధ్యాహ్నం వెనకాల అలికిడైంది. పెరటి తలుపులోంచి వచ్చిన పైడన్న, పొయ్యి పక్కనే!

"గరిటె కోసం దొడ్డిదారిన వచ్చావుట్రా!"

"కాదన్నా, గురువుగారే..."

చేతికందిన చెంబుతో లేచి, పొయ్యిదాకా ఉరికి విసిరాడు కూర్మయ్య. పైడన్న వంగాడు. నీళ్లన్నీ మరిగే తైలం మూకుట్లో పడ్డాయి. నూనె భగ్గున ఎగిరి కూర్మయ్య ముంజేతినే కాల్చింది.

గురువు వచ్చి, వత్తిని నూనెలో ముంచి వెలిగించాడు. తడికి చిటపటలాడింది. తైలం చెడింది.

"నువ్వేం తెచ్చావురా?"

పైడన్న మూత పెట్టిన గిన్నె చూపించాడు. "మీరు ఇమ్మన్న మిరియాల కషాయమేనండి. అన్న ముక్కుకి. మూతైనా తియ్యలేదు."

కూర్మయ్య కాలిన చేతిని ఊదుకుంటూ, "గరిటె ఇక వాడికేగా?" అన్నాడు. అంటూనే తుమ్మాడు.

గురువు ఆ చేతికి కలబంద గుజ్జు రాసి, గిన్నె మూత తీసి ముందుకు జరిపాడు.

"ముందిది తాగు. రేపు మళ్లీ నూనె పెడదాం. కాపలా నువ్వే. లేచేముందు మాత్రం, వచ్చినవాడి చేతిలో ఏముందో చూడు."