ఎర్ర ఫిల్టరుకి ఆయుధపూజ

కోదండపాణి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. బ్రేకు ఎందుకు కిర్రుమంటోందని అడిగిన ఒకడి చేతికి చీపురిచ్చి షెడ్డంతా ఊడ్పించారని, ఊడుస్తూ ఊడుస్తూ ఉండగా వాడికి తన బ్రేకులో ఇరుక్కున్న గులకరాయి సంగతి తట్టిందని శిష్యులు చెప్పుకుంటారు. నిజమో కట్టుకథో గానీ, అప్పట్నించీ ఆయన దగ్గరికి సందేహంతో పోయేవాళ్ళు ముందు చేతులు వెనక్కి కట్టుకుని మరీ పోతారు.

ఒకప్పుడు ఆయన పేరున్న ర్యాలీ డ్రైవరు. ఇప్పుడు మదనపల్లె చివర రేకుల షెడ్డు వేసుకుని, పందెం కార్లను సిద్ధం చేయడమూ వాటిని కొండదారుల్లో నడపడమూ నేర్పుతుంటారు. ఆ షెడ్డులో చివరగా చేరిన శిష్యురాలు నీలవేణి. కార్ల గురించి ఆ పిల్లకు తెలిసిందంతా అక్కడా ఇక్కడా విని, చూసి పోగేసుకున్నదే. ఫోనులో ఒక వీడియో చూస్తే అందులో చెప్పింది నిజం. దాని కింద ఎవరో ఆ చెప్పినవాణ్ణి తిట్టిపోస్తే, అయ్యో, అదీ నిజమే.

దసరా వెళ్ళిన ఆదివారం కొండెక్కే పందెం ఉంది. షెడ్డులో పందెం కారు ఒకటే, తెల్లటి టర్బో కారు. దాన్ని ఇన్నాళ్ళూ నడుపుతున్నది పెద్ద శిష్యుడు ఇర్ఫాన్. ఈసారి స్టీరింగు నీలవేణికి ఇస్తానన్నారు మాస్టారు, కానీ ఒక షరతు పెట్టారు. కారులో పాత ఎయిర్ ఫిల్టరు మట్టి కొట్టుకుపోయింది. కొత్తది తనే ఎంచుకుని, తన చేత్తోనే బిగించి, ఆయుధపూజ నాటి పొద్దుగూకేలోపు కారు అప్పగించాలి. అప్పగించలేకపోతే సీటు మళ్ళీ ఇర్ఫాన్‌దే.

ఇంజనుకు గాలి కావాలి, గాలితో పాటు వచ్చే దుమ్ము అక్కర్లేదు. ఫిల్టరు పనంతా అంతే. అంత చిన్న పనికి నీలవేణి మూడు ఫిల్టర్లు తెచ్చి బల్ల మీద పరిచింది. ఒకటి కంపెనీవాళ్ళ కాయితం ఫిల్టరు, నల్ల డబ్బాలో కూర్చుని మూత కింద అణిగిమణిగి ఉండేది. రెండోది అదే డబ్బాలో పట్టే నూనె పట్టించిన గుడ్డ ఫిల్టరు. మూడోది డబ్బా, మూత ఏమీ లేకుండా ఇంజను పక్కన బాహాటంగా నిలబడే ఎర్రటి కోన్ ఫిల్టరు, దానికీ నూనె పట్టించే ఉంటుంది. బెంగుళూరు అంగడివాడు మూడోదే కొనమన్నాడు. వాట్సాప్ గ్రూపులో సగంమంది రెండోది అన్నారు, మిగతా సగం ఆ సగాన్ని ఎగతాళి చేశారు. లారీలున్న మేనమామ మాత్రం, "అసలు ఫిల్టరే తీసేస్తే గాలే గాలి కదా మే!" అని తేల్చేశాడు. నీలవేణి దాని గురించి కూడా ఒక పూటంతా ఆలోచించింది.

ఆయుధపూజ మధ్యాహ్నానికి ఎర్రది బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. ఇక ఓపిక చచ్చి మాస్టారి ముందు నిలబడింది. ఆయన స్టూలు మీద కూర్చుని బొరుగులు, పప్పులు కలుపుకుని తింటున్నారు.

"మాస్టారూ, ఈ మూడిట్లో ఏది మంచిదో మీరే చెప్పేయండి. నేను తలొకరిని అడిగితే తలొక రకంగా చెప్తున్నారు."

మాస్టారు గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు.

"అయ్యవారొచ్చినాడు చూడు. పో, ముందు కారుకు పూజ చేయించు."

పూజారి శర్మగారు పళ్ళెంతో వచ్చి కారు ముందు నిలబడ్డారు. బానెట్ మూసి ఉండడం ఆయనకు నచ్చలేదు. "పైన రేకుకు పూజ చేసేదేముందమ్మా? ప్రాణమంతా లోపల కదా ఉండేది. ఎత్తు, ఎత్తు!" అన్నారు. నిజమే అనిపించి నీలవేణి బానెట్ ఎత్తింది.

"ప్రాణం అంటే స్టార్టింగులో ఉండాల కదా సామీ," అన్నాడు ఇర్ఫాన్. అదీ నిజమే. నీలవేణి తాళం ఇచ్చింది, ఇర్ఫాన్ లోపల కూర్చుని ఇంజను ఆన్ చేశాడు.

పక్క టీ బంకు రమణమ్మ గ్లాసులు కడగడం మాని వచ్చింది. "ఏంది మే, కొత్త సామానుకు ఇంత బొట్టేనా? మీ అమ్మ చూస్తే ఏమంటాది? నిండుగా వెయ్యి!" నీలవేణి ఎర్ర ఫిల్టరు చుట్టూ నిండుగా కుంకుమ వేసింది. ఎర్రదాని మీద ఎర్ర కుంకుమ కనబడడం లేదని రమణమ్మ అనగానే పసుపు కూడా వేసింది. బంతిపూలు పెట్టమంటే పెట్టింది. "బొరుగులు చల్లితే ఇంటికి కలిసొస్తాది," అన్నారెవరో వెనక నించి. చల్లింది. కారు ఏ ఇంటికి కలిసిరావాలో ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

"హారతి ఇచ్చేటప్పుడు గట్టిగా రేజ్ చెయ్యన్నా, అయిపోయేదాకా కాలు తియ్యొద్దు!" అని ఇర్ఫాన్‌కు కేక వేసింది. ఇది మాత్రం ఆమె సొంత ఆలోచన అనుకునేరు, కాదు. పండక్కి అట్లా చేస్తే ఇంజను విప్పారుతుందని ఎవరో వీడియోలో చెప్పారు.

శర్మగారు కర్పూరం వెలిగించారు. ఇర్ఫాన్ కాలు వేశాడు. టర్బో ఈల వేసింది. సాంబ్రాణి పొగ దేవుడి వైపు పోవాల్సింది పోయి, మెడ తిప్పుకుని సరాసరి ఫిల్టరులోకి పోయింది. దాని వెంట కుంకుమ పోయింది, కుంకుమ వెంట పసుపు. బొరుగులు ఒక్కొక్కటే పైకి లేచి ఫిల్టరు నూనెకు అతుక్కున్నాయి. చూస్తుండగానే అది మూతి నిండా మెతుకులు పూసుకున్న చంటిపిల్లలా తయారైంది. ఇంత జరుగుతున్నా అందరూ అది దేవుడి మహిమే అనుకుని దండం పెట్టుకుంటున్నారు. అంతలో హారతి తిప్పుతూ శర్మగారు ముందుకు వంగారు. భుజం మీది పట్టు కండువా జారింది.

ఫిల్టరు దాన్ని కూడా కాదనలేదు.

"నా కండువా! ఏమ్మా, దక్షిణ ఇచ్చేది పోయి నా దగ్గరే లాక్కుంటోందే నీ కారు!"

ఒక చేతిలో హారతి పళ్ళెం, రెండో చేతిలో కండువా కొస. శర్మగారు ఇటు లాగుతున్నారు, కారు అటు లాగుతోంది. బానెట్ అడ్డం ఉండడంతో ఇర్ఫాన్‌కు ఏమీ కనబడడం లేదు. హారతి ఇంకా సాగుతోందని భక్తిగా ఇంకాస్త తొక్కాడు. రమణమ్మ అరిచింది, నీలవేణి అరిచింది. కడకు గుడ్డ అడ్డంపడి గాలి ఆడక ఇంజనే దగ్గి, ఉక్కిరిబిక్కిరై, దబ్బున ఆగిపోయింది. పట్టు తప్పి శర్మగారు దిష్టి తీయడానికి తెచ్చిన గుమ్మడికాయ పక్కన కూర్చున్నారు. మాస్టారు మాత్రం స్టూలు మీద నించి లేవలేదు. బొరుగులు అయిపోయాయేమో, ఒట్టి కాయితం దులుపుకుంటున్నారు.

నీలవేణి కండువా తీసి ఇచ్చింది. దాని మీద గుండ్రంగా ఎర్ర నూనె మరక. ఫిల్టరు ఊడదీసి, దాని వెనక గొట్టంలోకి వేలు పెట్టి తుడిచి చూసింది. వేలి కొసన సన్నగా కుంకుమ, ఫిల్టరు దాటి లోపలికి వచ్చింది.

ఆ వేలు చూసేసరికి నీలవేణికి మొన్నటి దుమ్ము గుర్తొచ్చింది. మొన్న స్కూటీ మీద ఆ పందెం కొండ ఎక్కి దిగింది తనే. సగం దారి తవ్వి ఎర్రమట్టి పోసున్నారు, ముందొక బస్సు పోతే తన చెయ్యి తనకే కనబడనంత దుమ్ము. ఇంటికొచ్చి తల స్నానం చేస్తే నీళ్ళు ఇదే రంగులో పోయాయి. ఆ సంగతి ఇన్ని రోజుల్లో ఒక్కరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. తనని తను కూడా అడగలేదు.

చుట్టూ మళ్ళీ మొదలైంది.

"కడిగి ఎండబెట్టి పెట్టు నీలా, సౌండు చూడు ఎట్లుందో!" అన్నాడు ఇర్ఫాన్.

"దిష్టి తగిలింది మే, నిమ్మకాయ కట్టు," అంది రమణమ్మ.

"శాంతి చేయించాలమ్మా," అన్నారు శర్మగారు, కండువా వైపు దిగులుగా చూస్తూ.

"ఎవరూ మాట్లాడొద్దు!" అని అరిచింది నీలవేణి. అరిచాక తనే బెదిరిపోయి, "కాసేపు," అని చేర్చింది.

గొట్టం లోపలంతా శుభ్రంగా తుడిచింది. మళ్ళీ వేలు పెట్టి చూస్తే వేలికి ఏమీ అంటలేదు. నల్ల డబ్బా తెచ్చి బిగించి, కాయితం ఫిల్టరు అందులో పెట్టింది. ఇర్ఫాన్ లబలబలాడాడు. "కాయితమా? పందేనికి కాయితమా! నవ్వుతారు నీలా!" నీలవేణి తల ఎత్తలేదు. ఆ కొండ మీద గాలి కొంచెం తక్కువైనా పర్వాలేదు, మట్టి రేణువు ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్తే దాని మీద కూడా తలా ఒక మాట వేస్తారు. మూత పెట్టి, క్లిప్పులు టకటకా నొక్కి, ఒకసారి కదిపి చూసి బానెట్ దించింది. అప్పటికి పొద్దు షెడ్డు రేకుల మీద ఇంకా మిగిలే ఉంది.

ఇర్ఫాన్ ఉండబట్టలేక మాస్టారి దగ్గరికి పోయాడు. "మీరన్నా చెప్పండి మాస్టారూ. మూడిట్లో ఆ ఫిల్టరా మంచిది?"

మాస్టారు స్టూలు మీద నించి లేచి, పంచె దులుపుకున్నారు.

"ఫిల్టరు సంగతి నాకేం తెలుసు నాయనా? పిల్ల డబ్బాకూ నోళ్ళకూ కలిపి మూత పెట్టింది చూడు. తాళం ఇచ్చెయ్."