గద్దలకొండ మీది తేనెపట్టు

గద్దలకొండ తేనె లేనిదే ఆ రాజుగారి పుట్టినరోజు స్నానం జరిగేది కాదు. ఏటా తొలి తేనెపట్టు కోటకే చేరాలని ఆచారం. ఆ ఏడు పట్టు కోయడానికి పోయిన ఈరన్న, అతని తమ్ముడు తాడు తెగి కొండ నడుమ చరియ మీద చిక్కుకుపోయారు. అంత ఎత్తు అందే నిచ్చెన కోటలోనే ఉంది.

ఈరన్న పెళ్లాం సుంకులమ్మ సభకు పరుగెత్తుకొచ్చి రాజుకు మొరపెట్టుకుంది. మంత్రి మీసం దువ్వుకున్నాడు.

"ఆ కొండ ఎక్కితే ప్రాణాలు పోతాయని దండోరా వేయించాం కదా! ఎవరెక్కమన్నారు? వాళ్లంతట వాళ్లు పోయారు. దొరతనానికేం సంబంధం?"

సుంకులమ్మకు ఒళ్లు మండింది. కళ్లు తుడుచుకుని కొంగు బిగించింది.

"సంబంధం లేదా దొరా? రాజుగారి ముందు ఇంకోసారి చెప్పండి."

"లేదంటే లేదు!"

"అయితే సరే. రేపటి స్నానానికని కోసిన పట్టు వాళ్ల దగ్గరే ఉంది. దాంతోనూ మీకు సంబంధం లేనట్టేగా! తినేయమని కిందనుంచి కేకేస్తాను. పది రోజులైనా బతుకుతారు."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ముందు నిచ్చెన పంపండి!"

సాయంత్రానికి అన్నదమ్ములిద్దరూ ఒట్టి చేతులతో దిగారు. కింద కాచుకున్న మంత్రి, "పట్టేదిరా?" అని అరిచాడు.

"పైనే ఉంది దొరా," అంది సుంకులమ్మ. "నిచ్చెన కూడా ఉంది, ఎక్కి తెచ్చుకోండి. భయపడకండి. మీరు చిక్కుకుంటే, ఎవరెక్కమన్నారని మాత్రం మేం అడగం."