కంతల్లేని గోడ

గోదావరి మధ్యన పొన్నలంకలో నూకరాజు అనే తాపీ మేస్త్రి ఉండేవాడు. పనిలో అంతటివాడు లేడు, ఒకరి మాట వినడంలో మాత్రం అంతటి చెవిటివాడూ లేడు.

అతని పనితనం ఏమని చెప్పను! తాపీ ఝాడించాడంటే సిమెంటు హడలిపోయి ఎక్కడిదక్కడే గట్టిపడేది. అతను కట్టిన గోడను గుద్దిన దున్నపోతు మూడు రోజులు మేత మానేసిందని లంకంతా చెప్పుకునేవారు. ఆ మాట మొదట పుట్టించింది కూడా నూకరాజే.

తల్లీతండ్రీ లేని నూకరాజును మేనత్త అచ్చాయమ్మ పెంచి పెద్ద చేసింది. ఆవిడకు నడుము పడిపోయి మంచాన పడ్డాక, అతను తన ఇంటికి ఆనించి ఎనిమిది స్తంభాల మీద చెక్క నేలతో ఒక గది లేపాడు. ఏటా వరద వచ్చినా నీళ్లు స్తంభాల మధ్యనుంచి పోయేవి. పైన అచ్చాయమ్మ మంచం తడిసేది కాదు. చిక్కల్లా చలికాలంలోనే. కింద ఖాళీలోంచి గాలి ఈలలు వేసుకుంటూ చెక్కల సందుల్లోకి దూరేది. మోకాళ్లు పట్టేసి ఆవిడ మూలిగేది.

ఆ మూలుగు నూకరాజు తట్టుకోలేకపోయాడు.

“అత్తా, స్తంభాల చుట్టూ పునాది తీసి గోడ కట్టేస్తాను. ఇక గాలికి నీ మంచం అడ్రసు దొరకదు!” అన్నాడు.

“కట్టరా నాన్నా. కానీ అడుగున నాలుగు పక్కలా కంతలు వదులు. గోదారి వస్తే లోపలికి వచ్చిపోవడానికి దారి ఉండాలి,” అంది అచ్చాయమ్మ.

“కంతలా? నా గోడకా? చిరిగిన బనీనులా ఉంటుంది! గోదారి నా గోడను చూసి, దణ్ణం పెట్టి పక్కనుంచి పోతుంది.”

“అత్తయ్యగారు అరవై వరదలు చూశారండీ. కాస్త వినండి,” అంది అతని భార్య మంగ.

“అరవై వరదలు చూసింది. ఒక్క గోడైనా కట్టిందా?” అన్నాడు నూకరాజు.

ఛాతీ లోతున పునాది తవ్వాడు. ఆ మట్టి పోస్తే ఇంకో లంక లేచేది! నల్లరాయి పేర్చి, ఇటుక లేపి, గోడను స్తంభాలకు ఇనుప చువ్వలతో బిగించాడు. చీమ దూరే సందు లేకుండా పూత పూశాడు. తలుపు కూడా పెట్టలేదు. కిందికి దిగాలంటే పైగది నేలలో మూత ఎత్తి నిచ్చెన వేసుకోవాల్సిందే. ఆ చలికాలం అచ్చాయమ్మ వెచ్చగా నిద్రపోయింది. నూకరాజు నేల మీద నడవడం మానేశాడు.

శ్రావణంలో వరద వచ్చింది. పొద్దెక్కేసరికి వాకిట్లో నడుము లోతు నీళ్లు. మంగా నూకరాజూ పైగదిలోకి చేరారు.

“మేస్త్రీ, ఎలా ఉంది నీ కోట?” అని ఎదురింటి డాబా మీదనుంచి ధర్మయ్య కేకేశాడు.

నూకరాజు మూత ఎత్తి చూశాడు. కింద నేల పొడిగా ఉంది.

“లోపల అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు! పంపించు!” అని అరిచాడు.

అంతలో కింద ‘టప్’ మని చప్పుడైంది. మళ్లీ చూస్తే గోడ లోపలికి పొట్టలా ఉబ్బి ఉంది. పగులు స్తంభం దాకా పాకింది. అచ్చాయమ్మ మంచం వణికింది. గోడ కూలితే స్తంభాన్ని లాగేస్తుంది. స్తంభంతో గది పోతుంది. గదితో, లేవలేని అత్త.

“దుంగలు తెచ్చి గోడ పడకుండా పోటు పెడతాను!” అంటూ లేచాడు నూకరాజు.

“దుంగలకు ఆగదురా. బయట గోదారి తోస్తోంది, లోపల ఎదురు తోసేది ఏదీ లేదు. నీళ్లను లోపలికి రానీ. రెండు పక్కలా సమానమైతే గోడ నిలబడుతుంది. కొట్టు,” అంది అచ్చాయమ్మ.

“నా గోడనా, అత్తా?”

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. “చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే తీయనిచ్చేవాడివి కాదు. అప్పుడూ ఇలాగే చూసేవాడివి. వెళ్లు నాన్నా.”

నూకరాజు నడుముకు తాడు కట్టుకుని, గునపం పట్టుకుని నీళ్లలోకి దిగాడు. తాడు రెండో కొసను మంగ కిటికీ ఊచకు చుట్టి పట్టుకుంది. పది దెబ్బలు వేస్తే అరచెయ్యంత పెచ్చు ఊడింది.

“ఇంత గట్టిగా ఏ దౌర్భాగ్యుడు కట్టాడురా!” అని అరిచాడు.

“మీరేనండీ!” అంది మంగ ఏడుస్తూనే.

ఇరవయ్యో దెబ్బకు గోడకు కన్నం పడింది. నీళ్లు ఒక్కసారిగా లోపలికి దూకాయి. తాడు లేకపోతే నూకరాజును కూడా లాక్కుపోయేవే. అతను తమాయించుకుని రెండో పక్కనా పొడిచాడు. లోపలి నీళ్లు లేచి లేచి బయటి నీళ్లతో సమానమయ్యాయి. పగులు ఆగింది. మంచం వణుకు ఆగింది.

నూకరాజు తడిబట్టలతోనే వచ్చి అత్త మంచం పక్కన కూలబడ్డాడు. ఆవిడ అతని తల తుడిచింది.

“గోడ పాడైందని బాధగా ఉందా?”

“గోడ పోతే ఇంకోటి కడతాను. అత్త పోతే ఏ సిమెంటుతో కడతాను?” అన్నాడు. ఆ ఒక్క మాటలో మాత్రం గొప్ప లేదు.

వరద తీశాక అతను పగులు పూడ్చి, గోడ అడుగున నాలుగు పక్కలా జానెడు కంతలు పెట్టాడు. చలికాలం వాటిలో గోనె కుక్కేవాడు, వానలకు ముందు తీసేవాడు. ఆ తర్వాత ఎవరింట పని ఒప్పుకున్నా, పార పట్టే ముందు ఆ ఇంటి ముసలివాళ్ల పక్కన కూర్చుని, “ఇక్కడ నీళ్లు ఎటునుంచి వస్తాయి?” అని అడిగేవాడు.

చేతిలో ఎంత పనితనం ఉన్నా అనుభవం ఉన్నవాళ్ల మాట వినాలి. తప్పని తెలిశాక, సొంత చేతులతో కట్టినదాన్నైనా పగలగొట్టడానికి వెనకాడకూడదు.